ప్లేట్‌లెట్ల వరుస: ఐదో క్రోమోజోమ్ ముక్క పోయిన ఒక కేసు

ఈ కేసును రాయడానికి రెండు కారణాలున్నాయి. ప్రతి రక్తపరీక్ష కాగితం మీదా కళ్లెదుటే ఉన్న ఒక అంకెను నాతో సహా చాలామంది డాక్టర్లం చాలాకాలం పట్టించుకోలేదు. ఇది మొదటిది. చికిత్స బాగా పనిచేశాక నేను అన్న ఒక మాట విని రోగి మందు మానేసింది. ఇది రెండోది. రెండు పొరపాట్లకూ మూలం ఒకటేనని నా నమ్మకం. రక్తంలో లెక్కకు అందే కణాలనే జబ్బు అనుకున్నాం. వాటిని పుట్టించే మూలకణాన్ని మరచిపోయాం.

ఆమెను గుర్తుపట్టే వీలున్న వివరాలు వదిలేశాను, కొన్ని మార్చాను. వైద్యపరంగా జరిగిన వరుస మాత్రం అలాగే ఉంచాను.

నేపథ్యం

ఆమెకు అరవై దాటాయి. వ్యవసాయ కుటుంబం. షుగరు లేదు, బీపీకి ఒక మాత్ర వేసుకుంటుంది. మా దగ్గరకు రావడానికి రెండున్నరేళ్ల ముందు నీరసంతో మొదలైంది. డాబా మీద వడియాలు పెట్టడానికి మెట్లెక్కితే మధ్యలో రెండుసార్లు కూర్చోవాల్సి వచ్చేది. హిమోగ్లోబిన్ 8.4 గ్రాములుంది. ఐరన్ మాత్రలు ఇచ్చారు. మూడు నెలలకు 7.6కు దిగింది. ఐరన్‌ను సెలైన్‌లో కలిపి ఎక్కించారు, ఫలితం లేదు. కడుపులో రక్తం పోతోందేమోనని పైనుంచి, కిందనుంచి గొట్టం వేసి చూశారు. ఏమీ దొరకలేదు. ఆ తర్వాత బీ12 ఇంజెక్షన్లు. చివరికి రక్తం ఎక్కించడం మొదలైంది. మొదట రెండు నెలలకోసారి, తర్వాత నెలకోసారి, మా దగ్గరకు వచ్చేనాటికి మూడు వారాలకోసారి.

ఇందులో ఏ ఒక్క నిర్ణయాన్నీ విడిగా తప్పుపట్టలేను. మన దగ్గర రక్తహీనతతో వచ్చే ఆడవాళ్లలో ఎక్కువమందికి ఉండేది ఐరన్ లోపమే. అయితే ఒక మందు పనిచేయలేదని తేలిన ప్రతిసారీ, ఎందుకు పనిచేయలేదని ఆగి చూడకుండా తర్వాతి మందుకు వెళ్లిపోయాం.

మా దగ్గరకు వచ్చినప్పుడు

హిమోగ్లోబిన్ 6.8. ఎర్రకణాల సగటు పరిమాణం, అంటే ఎంసీవీ, 109. మామూలుగా వంద లోపు ఉండాలి. తెల్లకణాలు 3,400. ప్లేట్‌లెట్లు 5.4 లక్షలు. ఫెరిటిన్ 1,450, అంటే ఒంట్లో ఐరన్ లోటు కాదు, నిల్వలు పేరుకుపోయి ఉన్నాయి. రెటిక్యులోసైట్లు, అంటే అప్పుడే పుట్టిన ఎర్రకణాలు, 0.4 శాతం, ఇంత రక్తహీనతలో మూలుగ కొత్త కణాలను ఉరకలెత్తి పంపాలి, ఇక్కడ పంపడం లేదు.

మూలుగ పరీక్ష చేశాను. నమూనా పలచగా, రక్తం కలిసి వచ్చింది. రిపోర్టులో బీ12 లోపంలో కనిపించేలాంటి మార్పులున్నాయని రాశారు. క్రోమోజోమ్ పరీక్షకు పంపిన నమూనా నడివేసవిలో కొరియర్‌లో వేరే నగరానికి వెళ్లింది. కణాలు విభజన చెందలేదు కాబట్టి ఫలితం రాలేదని జవాబు వచ్చింది. క్రోమోజోమ్‌లను చూడాలంటే కణం విభజన మధ్యలో ఉండాలి, అందుకు అది బతికి ఉండాలి. ఎండకు వాడిపోయిన నమూనా ఏమీ చెప్పలేదు.

ఈ దశలో నేను చేసిన నిర్ణయం తప్పు. మూలుగలో కణాలు సరిగా తయారుకాని మైలోడిస్‌ప్లాస్టిక్ సిండ్రోమ్ అయి ఉంటుందని ఊహించాను. ఆ ఊహ సరైనదే. కానీ అందులో ఏ రకమో తేల్చకుండానే ఎర్రకణాలు తయారుచేయమని మూలుగకు చెప్పే హార్మోన్ అయిన ఎరిత్రోపొయెటిన్ ఇంజెక్షన్లు వారానికి 40,000 యూనిట్ల చొప్పున మొదలుపెట్టాను. ముందుగా రక్తంలో ఆ హార్మోన్ ఎంతుందో చూడాలి. 500 యూనిట్లు దాటితే బయటి నుంచి ఇచ్చినా లాభం ఉండడం అరుదు. ఎనిమిది వారాలు గడిచాక, రక్తం ఎక్కించాల్సిన అవసరం ఒక్కసారి కూడా తగ్గకపోయాక, అప్పుడు చూశాను. 780 ఉంది. ఆమె శరీరం అప్పటికే గట్టిగా కేకలు పెడుతోంది. వినే కణాలే లేవు.

కాగితాలన్నీ ఒక్కచోట

ఒక ఆదివారం సాయంత్రం ఆమె ఫైలు ముందు పెట్టుకుని, రెండున్నరేళ్ల రిపోర్టుల్లోని అంకెలను తేదీల వారీగా ఒక తెల్లకాగితం మీద రాసుకున్నాను. మూడు నిలువు వరుసలు: హిమోగ్లోబిన్, ఎంసీవీ, ప్లేట్‌లెట్లు. మొదటి వరుస కిందకు జారుతోంది, రెండోది వంద దాటి అక్కడే ఉంది. మూడో వరుస 4.6, 4.7, 4.9, 5.1, 5.4 లక్షలు. ఒక్కో అంకెను విడిగా చూస్తే కొంచెం ఎక్కువ, అంతే. ఎవరూ దాని చుట్టూ గుండ్రం గీయరు. వరుసగా చూస్తే అది నేరుగా పైకి నడుస్తోంది.

ఐరన్ లోపంలోనూ ప్లేట్‌లెట్లు పెరుగుతాయి, కానీ అప్పుడు ఎర్రకణాలు చిన్నవవుతాయి. బీ12 లోపంలో ఎర్రకణాలు పెద్దవవుతాయి, కానీ ప్లేట్‌లెట్లు మామూలుగా ఉంటాయి లేదా తగ్గుతాయి. మూలుగ చేతులెత్తేస్తే మూడు రకాల కణాలూ తగ్గాలి. ఎర్రకణాలు పెద్దవై, తగ్గిపోయి, ప్లేట్‌లెట్లు మాత్రం పెరుగుతున్నాయంటే, అదీ వయసు పైబడిన స్త్రీలో, మొదట గుర్తుకు రావాల్సిన జబ్బు ఒకటుంది. బెల్జియంలోని లూవెన్‌లో హెర్మన్ వాన్ డెన్ బెర్గె బృందం 1974లోనే దాన్ని వర్ణించింది. ఐదో క్రోమోజోమ్ పొడవాటి భుజంలో ఒక ముక్క లేకపోవడం.

మర్నాడు మా పాథాలజిస్టుతో కలిసి పాత స్లైడ్లను మళ్లీ చూశాం. ప్లేట్‌లెట్లను తయారుచేసే మెగాకేరియోసైట్ మూలుగలో అన్నిటికంటే పెద్ద కణం. దాని కేంద్రకం అల్లం కొమ్ములా పాయలుపాయలుగా ఉంటుంది. ఈ స్లైడులో అవి చిన్నవిగా, ఒకే గుండ్రటి కేంద్రకంతో ఉన్నాయి. రేగుపండులో గింజలా, కాస్త ఒక పక్కకు జరిగి. నమూనా పలచగా ఉండడంతో మొదటిసారి చూసినప్పుడు రెండు మూడే కంటపడ్డాయి. ఈసారి స్లైడు అంచుల దాకా వెతికితే పదకొండు దొరికాయి.

మళ్లీ మూలుగ తీశాం. ఈసారి నమూనాను తెల్లవారుజామునే తీసి, మనిషి చేత చల్లని పెట్టెలో పంపాం. దాంతోపాటు ఫిష్ పరీక్ష (మెరిసే రంగు అతికించి ఒక క్రోమోజోమ్ ముక్క ఉందో లేదో చూసేది) కూడా అడిగాం, దానికి కణం విభజన చెందుతూ ఉండాల్సిన పని లేదు. 200 కణాల్లో 68 శాతం కణాలకు ఐదో క్రోమోజోమ్ ముక్క లేదు. మరే క్రోమోజోమ్‌లోనూ తేడా లేదు. బ్లాస్ట్ కణాలు, అంటే ఇంకా ఎదగని తొలిదశ కణాలు, 2 శాతం.

ఆ ముక్కలో ఏముంది

ప్రతి కణంలోనూ ఐదో క్రోమోజోమ్ రెండు ప్రతులుంటాయి. ఈ జబ్బులో ఒకదాని నుంచి ముక్క పోతుంది, రెండోది బాగానే ఉంటుంది. అంటే ఆ ముక్కలోని జన్యువులు పూర్తిగా పోవు, సగానికి తగ్గుతాయి. ఆ సగం లోటే జబ్బు. ఇది జరిగేది రక్త మూలకణంలో. ఒక్క మూలకణంలో జరిగిన నష్టం దాని సంతతి అంతటికీ వారసత్వంగా వెళుతుంది.

ఎర్రకణాలు ఎందుకు తగ్గాయో 2008లో బెంజమిన్ ఎబర్ట్ బృందం చూపించింది. పోయిన ముక్కలో ఆర్‌పీఎస్14 అనే జన్యువుంది. కణంలో ప్రొటీన్లు తయారుచేసే రైబోజోముల నిర్మాణానికి అది కావాలి. పెరుగుతున్న ఎర్రకణానికి ఉండే పనంతా ప్రొటీన్ తయారీయే, హిమోగ్లోబిన్ ప్రొటీనే కదా. రైబోజోములు చాలకపోతే పీ53 అనే కాపలా ప్రొటీన్ మేల్కొని ఆ కణాన్ని చంపేస్తుంది.

మరి ప్లేట్‌లెట్లు ఎందుకు పెరిగాయి? జన్యువు అంటే ప్రొటీన్‌కు సూత్రం అనుకున్నంత కాలం దీనికి జవాబు దొరకలేదు. 1993లో విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రవ్‌కున్ ఒక చిన్న పురుగులో, దాదాపు 22 అక్షరాల పొడవుండే ఆర్‌ఎన్‌ఏ ముక్కల పనిని గుర్తించారు. ఇవి ప్రొటీన్‌ను తయారుచేయవు. ఇతర జన్యువుల నుంచి వచ్చే సందేశాలకు అతుక్కుని, ప్రొటీన్ తయారీ జోరును తగ్గిస్తాయి. ఇవే మైక్రో ఆర్‌ఎన్‌ఏలు. ఆ ఇద్దరికీ 2024లో నోబెల్ బహుమతి వచ్చినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది ఈ రోగే. 2010లో వాంకూవర్‌లో అలీ కర్సాన్ బృందం చూపించింది ఇదీ: ఐదో క్రోమోజోమ్‌లో ఆ ప్రాంతంలోనే 145, 146ఏ అనే రెండు మైక్రో ఆర్‌ఎన్‌ఏలున్నాయి. అవి టైరాప్, ట్రాఫ్6 అనే రెండు ప్రొటీన్లను అదుపులో పెడతాయి. ఆ ప్రొటీన్లు రోగనిరోధక సంకేతాలను నడిపేవి. ఎలుకల రక్త మూలకణాల్లో ఈ రెండు మైక్రో ఆర్‌ఎన్‌ఏలను అణచివేస్తే వాటికి ప్లేట్‌లెట్లు పెరిగాయి, న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు తగ్గాయి, మెగాకేరియోసైట్ల ఆకారం చెడింది. ఆ ఆదివారం నా కాగితం మీదున్న మూడో వరుస అదే.

పగ్గం తెగితే ఎద్దు పరుగెత్తుతుంది, గడ్డి లేకపోతే పడిపోతుంది. ఒకే ముక్క పోవడం వల్ల ఒక కణ వంశానికి గడ్డి కరువైంది, మరో వంశానికి పగ్గం తెగింది. ఈ పోలికను విద్యార్థులకు చెబుతుంటాను, రక్తహీనతలో ప్లేట్‌లెట్లను ఎందుకు చూడాలో ఆ తర్వాత వారు మరచిపోరు.

కొడుకు తెచ్చిన రెండు ప్రశ్నలు

రోగ నిర్ధారణ చెప్పాక ఆమె కొడుకు బాగా చదువుకుని వచ్చాడు. “డాక్టరు గారూ, మైక్రో ఆర్‌ఎన్‌ఏలకు రక్తపరీక్ష ఉందట, అది చేయిద్దామా?” అని అడిగాడు. ఒక ప్రైవేటు ల్యాబ్ ధరల పట్టిక చూపించాడు, ఖరీదు తక్కువేమీ కాదు. వద్దన్నాను. నేను ఇంతసేపు మైక్రో ఆర్‌ఎన్‌ఏల గొప్పతనం చెప్పి పరీక్ష మాత్రం వద్దనడం అతనికి వింతగా అనిపించింది. కారణం వివరించాను. మూలుగ మూలకణంలో ఏం జరుగుతోందో రక్తద్రవంలో తేలే మైక్రో ఆర్‌ఎన్‌ఏలు నమ్మకంగా చెప్పవు. ఎర్రకణాల్లోనే కొన్ని మైక్రో ఆర్‌ఎన్‌ఏలు దండిగా ఉంటాయి. నమూనా తీసేటప్పుడు నాలుగు కణాలు పగిలితే అంకెలు తారుమారవుతాయి. అన్నిటికంటే ముఖ్యం, ఆ ఫలితం ఏదైనా నేను రాసే మందు మారదు. జబ్బును అర్థం చేసుకోవడానికి పనికొచ్చే జ్ఞానం వేరు, రోగి డబ్బు పెట్టి చేయించుకోవాల్సిన పరీక్ష వేరు.

రెండో ప్రశ్న స్టెమ్ సెల్ చికిత్స గురించి. కొవ్వు నుంచి మూలకణాలు తీసి ఎక్కిస్తామన్న ఒక క్లినిక్ ప్రకటన అతని ఫోన్‌లో ఉంది. కొవ్వులోంచి తీసిన కణాలు రక్తాన్ని పుట్టించలేవు. మన భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాలు కూడా రక్త మూలకణాల మార్పిడిని తప్ప ఇలాంటివాటిని అంగీకరించిన చికిత్సగా గుర్తించలేదు. దాత నుంచి మూలుగ మార్పిడి ఈ జబ్బును వేళ్లతో పెకలించగలదు. కానీ ఈ వయసులో, తక్కువ ప్రమాదమున్న రకంలో, మార్పిడి వల్ల వచ్చే ప్రాణాపాయం జబ్బు వల్ల వచ్చేదానికంటే ఎక్కువ.

లెనలిడోమైడ్

ఈ జబ్బుకు దాదాపు తాళంచెవిలాంటి మందు ఉంది. అలన్ లిస్ట్ బృందం 2006లో ప్రచురించిన అధ్యయనంలో 148 మందిలో 99 మందికి రక్తం ఎక్కించాల్సిన అవసరమే పోయింది. ఎలా పనిచేస్తుందో 2015 దాకా స్పష్టం కాలేదు. సీకే1 ఆల్ఫా అనే ప్రొటీన్‌ను కణం తానే ముక్కలు చేసుకునేలా ఈ మందు చేస్తుంది. దాని జన్యువు కూడా ఆ పోయిన ముక్కలోనే ఉంది. జబ్బు కణంలో అప్పటికే సగమే ఉంటుంది, మందు ఆ సగాన్నీ తగ్గిస్తే అది నిలవలేదు. మామూలు కణం తట్టుకుంటుంది. అయితే ఆ చావుకు పీ53 సాయం కావాలి. అందుకే మొదలుపెట్టే ముందు పీ53ను తయారుచేసే టీపీ53 జన్యువులో మార్పు ఉందేమో చూశాం. లేదు.

రోజుకు 10 మిల్లీగ్రాములు, 21 రోజులు వేసుకుని ఏడు రోజులు విరామం. ఇంట్లో కోడలు ఆరో నెల గర్భిణి. ఇది గర్భస్థ శిశువుకు హాని చేసే థాలిడోమైడ్ కుటుంబానికి చెందిన మందు. మందుల డబ్బీ కోడలు ముట్టుకోకూడదని, క్యాప్సూల్‌ను విప్పకూడదని, అత్తగారే తీసి వేసుకోవాలని చెప్పాం. అంతవరకూ అత్తగారికి మాత్రలు అందిస్తున్నది ఆ కోడలే. మాత్రలు ఎవరు అందిస్తున్నారని అడక్కపోయి ఉంటే మాకు తెలిసేది కాదు.

మూడో వారంలో ప్లేట్‌లెట్లు 1.1 లక్షలకు, నాలుగో వారంలో 46,000కు పడిపోయాయి. న్యూట్రోఫిల్స్ 700. ఇల్లు భయపడింది. మా జూనియర్ డాక్టరు మందు మార్చేద్దామన్నారు. నేను మందు ఆపాను కానీ మార్చలేదు. ఈ మందుతో తొలి వారాల్లో ప్లేట్‌లెట్లు బాగా పడిపోయినవారిలోనే తర్వాత మంచి స్పందన ఎక్కువగా కనిపించిందని అధ్యయనాల్లో ఉంది. పడిపోతున్నవి జబ్బు మూలకణం పుట్టించినవే. వాటి స్థానంలోకి మంచి మూలకణాల సంతతి రావడానికి కొంత సమయం పడుతుంది. ఆ సమయంలో జ్వరం రాకుండా, రక్తస్రావం కాకుండా కాపాడడమే మన పని. పన్నెండు రోజులాగి 5 మిల్లీగ్రాములతో మళ్లీ మొదలుపెట్టాం. ఏడో వారం తర్వాత రక్తం ఎక్కించలేదు. ఐదో నెలలో హిమోగ్లోబిన్ 12.6. సంవత్సరం నిండాక మూలుగ చూస్తే ఫిష్ పరీక్షలో ముక్క పోయిన కణాలు లెక్కకు అందనంత తక్కువ.

నేను అన్న మాట

ఆ రిపోర్టు చేతిలో పట్టుకుని, సంతోషంలో, “అమ్మా, మీ మూలుగ శుభ్రంగా ఉంది” అన్నాను. మందు కొనసాగించాలని కూడా చెప్పాను, చీటీలో రాశాను. కానీ ఆమెకు గుర్తున్నది మొదటి మాటే. మూలుగ శుభ్రమయ్యాక మందెందుకు? దురద కూడా కొంచెం పెడుతోంది. మూడు నెలలకు మానేసింది. ఒంట్లో బాగుంది కాబట్టి రావడమూ మానేసింది.

పద్నాలుగు నెలల తర్వాత మళ్లీ వచ్చింది. హిమోగ్లోబిన్ 9.2, ఎంసీవీ 104. ఊళ్లో ఎప్పుడో జ్వరానికి చేయించుకున్న పరీక్ష కాగితం ఒకటి సంచిలో ఉంది. నాలుగు నెలల కిందటిది. అందులో హిమోగ్లోబిన్ 12.1, ఎవరూ కంగారు పడే అంకె కాదు. ప్లేట్‌లెట్లు 3.9 లక్షలు, ల్యాబ్ లెక్కలో అదీ మామూలే. కానీ మందు మీద ఉన్నప్పుడు ఆమెకు 1.8 లక్షలుండేవి. జబ్బు తిరిగి రావడాన్ని ప్లేట్‌లెట్లే ముందు చెప్పాయి. ఒక్క రోగిలో చూసినదాన్ని నియమం అనను, కానీ ఆమె విషయంలో అదే జరిగింది.

శుభ్రమైన మూలుగలో జబ్బు ఎక్కడ దాక్కుంది? స్వీడన్ పరిశోధకులు 2010లో దీనికి జవాబిచ్చారు. లెనలిడోమైడ్‌తో పూర్తిగా కోలుకున్నట్టు కనిపించిన రోగుల మూలుగలోంచి అతి అరుదైన మూలకణాలను వేరుచేసి చూస్తే, వాటిలో ఐదో క్రోమోజోమ్ ముక్క పోయినవి ఇంకా ఉన్నాయి. అవి నిద్రాణంగా ఉంటాయి, మందుకు లొంగవు. మనం ఫిష్ పరీక్షలో లెక్కపెట్టే 200 కణాల్లో దాదాపు అన్నీ సంతానమే. తల్లికణం ఆ లెక్కలోకి వచ్చే అవకాశం బహుతక్కువ. ఇవన్నీ నేను ముందే చదివినవే. చదివీ ఆ మాట అన్నాను.

ఈసారి ఆమెకు నిదానంగా చెప్పాను. విని, “తుంగ గడ్డ లాంటిదన్నమాట బాబూ. పైన పీకేస్తే చేను శుభ్రంగానే ఉంటుంది” అంది. ఇరవై ఏళ్లుగా నేను వెతుకుతున్న పోలిక అది.

పూర్తి స్పందన వచ్చాక మందు మానినా ఏళ్ల తరబడి బాగున్నవారు కొందరు ఉన్నారు. కాబట్టి మానడమే నేరం అనను. చెప్పకుండా, పరీక్షలు లేకుండా మానడమే ప్రమాదం. మళ్లీ మొదలుపెట్టే ముందు టీపీ53 మరోసారి చూశాం. ఈ మధ్యకాలంలో ఆ మార్పు వచ్చి ఉంటే, మందు మిగతా కణాలను చంపి దానికే చోటు చేసినట్టవుతుంది, జబ్బు లుకేమియా వైపు నడుస్తుంది. అదృష్టవశాత్తూ లేదు. 5 మిల్లీగ్రాములతో మొదలుపెడితే మూడు నెలల్లో హిమోగ్లోబిన్ 11 దాటింది.

మా దగ్గర మారినవి

ఎర్రకణాలు పెద్దవైన రక్తహీనతలో బీ12 సరిచేసిన ఆరు వారాలకూ మార్పు లేకపోతే, పాత రిపోర్టులన్నీ ఒకే కాగితం మీద వరుసగా రాయకుండా ఇప్పుడు ఏ కొత్త మందూ రాయం. ఎరిత్రోపొయెటిన్ ఇచ్చే ముందు దాని మట్టం చూడడం తప్పనిసరి చేశాం. మూలుగ నమూనాను వేసవిలో కొరియర్‌కు అప్పగించడం లేదు, ఫిష్ మొదటిసారే అడుగుతున్నాం. “శుభ్రంగా ఉంది” అనే మాట నేను వాడడం లేదు. “మేము చూడగలిగినంతలో కనిపించడం లేదు, గడ్డ లోపల ఉందనే అనుకుందాం” అంటున్నాను. కొందరి ముఖాలు చిన్నబోతాయి. అయినా అలాగే చెబుతున్నాను.

ఆమె ఇప్పుడు ఆరు నెలలకోసారి టీపీ53 పరీక్షకు, నెలకోసారి రక్తపరీక్షకు తప్పకుండా వస్తోంది. కిందటిసారి ఒక నోట్‌బుక్ తెచ్చింది. కోడలి చేతిరాత. తేదీ పక్కన మొదటి వరుస హిమోగ్లోబిన్ కాదు, ప్లేట్‌లెట్లు. చివరి అంకె 2.1 లక్షలు, దాని కింద పెన్సిల్‌తో ఒక గీత, పోయిన నెల కూడా అంతేనని.